కాళ్ళతో ఆడే ఆట

మా ఆవిడ అనే మాట రోజుకు ఎన్నిసార్లు అనవచ్చో నాకు తెలియదు. పెళ్ళయిన ఈ రెండున్నర నెలల్లో ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటాను. ఎమ్మిగనూరు బస్టాండు వెనక మాకు చిన్న బట్టల కొట్టు ఉంది. టవలు కొనడానికి వచ్చిన మనిషికి కూడా, "ఈ అంచు మా ఆవిడకు బాగా నచ్చిందన్నా" అని చెప్పిగానీ మడత పెట్టి ఇవ్వను. ఆ మనిషి మర్యాదకు "ఏం చేస్తాంది మీ ఆమె?" అన్నాడంటే ఇక నేను కుర్చీ ముందుకు జరుపుకుంటాను.

"బెంగళూరులో యూనివర్సిటీలో చదువుతాందన్నా. గేమ్ డిజైన్, ఇంటరాక్టివ్ మీడియా. ఆఖరి సంవత్సరం."

"అంటే?"

"ఆటలు తయారు చేసే చదువు."

ఇక్కడికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో రకంగా నవ్వుతారు. మా వీధి లింగమ్మత్త మాత్రం నవ్వలేదు. "మా మనవడు ఫోను పట్టుకుంటే ఈపు మీద రెండు తగిలిస్తాండాను. మీ ఆమెకు దానికే పట్టా ఇస్తారా?" అంది. పక్కనే ఉన్న మా ఆవిడ సుధారాణి, "అవునత్తా, నీ మనవడిని కూడా పంపియ్, సీటు ఇప్పిస్తాను" అంది. లింగమ్మత్తకు జవాబు తోచకపోవడం నేను పుట్టి పెరిగాక చూసింది అదే మొదటిసారి. ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

సుధారాణిది ఆదోని. వాళ్ళ నాన్న అక్కడ లెక్కల మాస్టారు. పెళ్ళిచూపుల రోజు పెద్దవాళ్ళు మమ్మల్ని మిద్దె మీదకు పంపించి ఐదు నిమిషాలు మాట్లాడుకోమన్నారు. ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "మీరు చివరిసారి ఆడిన ఆట ఏది?"

క్రికెట్ అని చెప్పి గొప్పలు పోవచ్చు. "బారాకట్ట. మా అమ్మతో, చింతపిక్కలు వేసుకుని. ఓడిపోయినాను" అన్నాను.

"ఏంటికి ఓడిపోయినారు?"

"అమ్మ దొంగాట ఆడుతాది."

"దొంగాట ఆడాలనిపించిందంటే అది మంచి ఆటే" అంది ఆమె. మిద్దె దిగేసరికి నా వరకు సంబంధం కుదిరిపోయింది. పెద్దవాళ్ళకు ఇంకో వారం పట్టింది.

ముహూర్తం ఫాల్గుణంలో వచ్చింది. అది సుధ ఆఖరి సెమిస్టరుకు సరిగ్గా నడిమధ్య. తొందరపెట్టింది మా వైపు వాళ్ళే. తాంబూలాల నాడు వాళ్ళ నాన్న నా ముఖంలోకి చూస్తూ, "పాప చదువు..." అని ఆపేశారు. ఆయన మాస్టారు కదా, ఒక మాట సగంలో ఆపితే మిగిలిన సగం ఎదుటివాడు పూర్తి చేయాలి. "ఒక్కరోజు కూడా ఆగదు మామా" అని అందరి ముందూ నేను పూర్తి చేశాను. చెప్పేటప్పుడు చాలా సులభంగా ఉండింది.

ఆఖరి సెమిస్టరులో తరగతులు ఉండవు. ఒక ఆట తయారు చేసి, జ్యూరీ అనే పరీక్షలో చూపించాలి. ఎక్కడ ఉండి చేసినా ఒప్పుకుంటారు. సుధ మగ్గం మీద ఆట చేస్తానని రాసిచ్చింది. అమ్మ మగ్గం మా ఇంటి వసారాలోనే ఉంది కాబట్టి, పెళ్ళయ్యాక లాప్‌టాప్ తీసుకుని ఆ మగ్గం పక్కనే చాప వేసుకుంది. పొద్దున నేను కొట్టుకు బయలుదేరేటప్పుడు ఒక వైపు మగ్గం చప్పుడు, ఇంకో వైపు సుధ వేళ్ళు టకటకమనే చప్పుడు. గడప దాటడానికి కాళ్ళు వచ్చేవి కావు. అమ్మ ముందు సుధ నన్ను 'ఏమండీ' అంటుంది. మేమిద్దరమే ఉంటే 'ఈరేషూ' అంటుంది. ఆ చివరి దీర్ఘం కోసం మధ్యాహ్నం అన్నానికి అరగంట ముందే వచ్చేసేవాణ్ణి.

ఆమె చేసిన ఆట ఇది. ఫోను తెర మీద ఒక మగ్గం కనిపిస్తుంది. ఎడమ బొటనవేలితో నొక్కితే నిలువు దారాలు విడివడి, వాటి మధ్య నుంచి అడ్డపోగు మోసే నాడె అటు పోతుంది. కుడి బొటనవేలితో నొక్కితే ఇటు వస్తుంది. సరైన క్షణంలో నొక్కాలి. తప్పితే దారం తెగి ఆట అయిపోతుంది. పోనుపోను వేగం పెరుగుతుంది. నాకు ఎంతో బాగుందనిపించింది. నాకు ఆమె చేసిన పులుసు కూడా ఎంతో బాగుంటుంది కాబట్టి, నా మాట లెక్కలోకి రాదని ఆమే అంది.

ఏప్రిల్ ఆఖరున ఆమె గైడు సుజయ్ సార్ వీడియో కాల్‌లో ఆట చూశారు. నేను తలుపు పక్కన మజ్జిగ గ్లాసుతో నిలబడి విన్నాను.

"సుధా, ఇలా తెర మీద వేళ్ళతో నొక్కే ఆటలు వంద ఉన్నాయి. నువ్వు బొమ్మ మార్చావు, అంతే. ఇందులో మగ్గం ఎక్కడుంది?" అన్నారు ఆయన. "పెళ్ళి హడావిడిలో ఉన్నావని తెలుసు. కానీ మే ఇరవైన జ్యూరీ. ఇది ఇలాగే వస్తే సెమిస్టరు మళ్ళీ చేయమంటారు. నేను ఆపలేను."

సుధ లాప్‌టాప్ మూసి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. మజ్జిగ తాగలేదు.

"ఆరు నెలలు, ఈరేషూ" అంది.

పెళ్ళికి, తిరుగు పెళ్ళికి, చుట్టాల ఇళ్ళలో భోజనాలకు పోయిన రోజులు మనసులో లెక్క వేస్తే ఇరవై రెండు తేలాయి. నేను ఇచ్చిన మాటలో అవి లేవు. ఆ సాయంత్రమే లింగమ్మత్త వాకిట్లో నిలబడి అమ్మతో, "పెండ్లయినంక సదువులు యాడ సాగుతాయిలేక్కా" అనడం వినబడింది. సుధ లాప్‌టాప్ ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె ఫోను తీసుకుని అమ్మ దగ్గరకు వెళ్ళింది. ఆమె చదువులో ఒక పద్ధతి ఉంది. ఆట గురించి ఏమీ తెలియని మనిషి చేతికి ఇవ్వాలి. ఇచ్చాక నోరు మెదపకూడదు. అలా నొక్కు, ఇలా నొక్కు అని చెప్పకూడదు. పక్కన కూర్చుని, వాళ్ళు ఎక్కడ తికమకపడుతున్నారో రాసుకోవాలి. "మీరు కూడా మాట్లాడకూడదు" అని నాకు ముందే చెప్పింది.

అమ్మ మగ్గం గుంతలో కూర్చునే ఫోను అందుకుంది. కాళ్ళు ఎప్పటిలాగే కింద తొక్కుడు చెక్కల మీద ఉన్నాయి.

"ఓ, మగ్గమే గీసినావే. బాగుండాది" అని తెరకేసి చూస్తూ కూర్చుంది. ఆటలో నాడె కదలలేదు. అమ్మ ఇంకా కళ్ళు చిట్లించి చూసింది. కదలలేదు. కానీ ఆమె ముందున్న అసలు మగ్గం మాత్రం కదులుతోంది. నిలువు దారాలు కిర్రుమని విడివడుతున్నాయి, కలుస్తున్నాయి, మళ్ళీ విడివడుతున్నాయి. నేను చెప్పబోయాను. సుధ నా మోచేతి మీద గిల్లింది.

"ఇది పట్టుకోనింది సుధా" అంది అమ్మ, ఫోను అంచు మీద అరచేత్తో తట్టుతూ. "ఎంతసేపని తొక్కేది?"

సుధ చప్పున వంగి గుంతలోకి చూసింది. అమ్మ కాళ్ళు ఎడమ, కుడి, ఎడమ, కుడి అని తొక్కుతూనే ఉన్నాయి. ఫోనులోని మగ్గాన్ని నడపడానికి ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ అసలు మగ్గాన్ని తొక్కుతోంది.

"అత్తా, ఆపొద్దు. అట్లే తొక్కు" అంది సుధ. మాట్లాడకూడదన్న పద్ధతిని తానే మరిచిపోయింది.

"తొక్కుతానే ఉండాను గదా. నీ మగ్గానికి కాళ్ళు పెట్టుకునే సోటు యాడుంది పాపా?"

సుధ నోటుపుస్తకంలో ఒకే ఒక్క మాట రాసింది. 'కాళ్ళు'. దాని కింద రెండు గీతలు గీసింది. తర్వాత నా వైపు తిరిగి, అమ్మ ముందే, "ఈరేషూ, నీ మగ్గం ఏమైంది?" అంది.

అమ్మ తల వంచుకుని నవ్వు ఆపుకుంది. నాకు చెవులు వేడెక్కాయి.

నా మగ్గం అంటే, అమ్మ మగ్గం పక్కన ఒకప్పుడు ఉండిన రెండోది. ఇంటర్ అయ్యేదాకా సెలవుల్లో దాని మీద నేసేవాణ్ణి. డిగ్రీలో చేరాక మానేశాను, తర్వాత కొట్టు వచ్చింది. విప్పేసిన కొయ్యంతా అటక మీద ఉంది. నిచ్చెన వేసి రెండు తొక్కుడు చెక్కలు దించాను. దుమ్ము తుడిస్తే, రెండింటి మీదా మడమ ఆనే చోట చిన్న గుంటలు కనబడ్డాయి. సుధ చెప్పులు విడిచి తన పాదాలు అందులో పెట్టి చూసుకుంది. "ఇది పదిహేడేళ్ళ ఈరేషు కాలు" అంది. ఇంత మాట నాతో ఇంతకుముందు ఎవరూ అనలేదు.

ఆ చెక్కలను ఆటకు కలపడం ఎలాగో కనుక్కోవడానికి ఆదోని పోయాం. పొద్దున బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి, చెక్కలు నా ఒళ్ళో పెట్టుకున్నాను. ఒక ముసలాయన పక్క సీట్లోంచి, "యా ఊరి మగ్గమప్పా ఇది?" అని అడిగాడు. "ఆట కోసం పెద్దాయనా" అన్నాను. ఆయన చెక్కలను, నన్ను మార్చి మార్చి చూశాడు. ఆదోని బస్టాండు ముందు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. సుధ తన బజ్జీలో కారం తక్కువున్న సగాన్ని నాకు పెట్టి, ఎక్కువున్న సగం తాను తింది. ఆదోని వాళ్ళ గొప్పతనం ఇదేనంది.

ఆమె చిన్నప్పటి నుంచి ఎరిగిన అబ్రహామన్న అక్కడ ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేస్తాడు. సంగతంతా విని, మూలనున్న పాత కీబోర్డును విప్పి అందులోని పలక బయటికి తీశాడు. దాన్నుంచి రెండు జతల తీగలు లాగి, ఒక్కో జత చివర ఒక్కో కాలింగ్ బెల్ స్విచ్ అతికించాడు. స్విచ్ మీద తొక్కుడు చెక్క ఆనాలి. కాలు నొక్కితే స్విచ్ నొక్కుకుంటుంది. అప్పుడు లాప్‌టాప్ ఎవరో అక్షరం నొక్కారనుకుంటుంది. అంతే.

"తీగ సన్నందమ్మా. మందందైతే రేపు తెప్పిస్తాను" అన్నాడు.

"రేపటిదాకా ఆగలేనన్నా."

"పెండ్లయినాదని ఇన్నాను. మొగుడు ఏం చేస్తాడు?"

"చెక్కలు మోస్తాడు" అంది సుధ. నేను చెక్కలు ఇంకొంచెం పైకెత్తి పట్టుకున్నాను.

తర్వాతి మూడు వారాలు మా వసారా ప్రయోగశాల అయింది. బల్ల మీద లాప్‌టాప్, బల్ల కింద చెక్కలు, ముందు కుర్చీ. అమ్మ మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుని కాళ్ళు పెట్టిన వెంటనే తెర మీది నాడె ఇటునుంచి అటు పరుగెత్తింది. అమ్మ ఉలిక్కిపడి కాళ్ళు తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత మేము కూరలో ఉప్పు వేశామో లేదో చూడమని పిలిచినా రాలేదు.

కానీ వేగం పెరిగే చోట ఆమె ప్రతిసారీ ఓడిపోయేది. నాలుగోసారి ఓడాక లేచి నిలబడింది.

"ఎవురు తరుముతాండారు నన్ను?"

"పోనుపోను కష్టం కావాల గదత్తా. లేకుంటే ఆట విసుగొస్తాది" అంది సుధ.

"నేసేటప్పుడు పరుగెత్తితే బట్ట యాడ బాగొస్తాది? మొదటి మూర ఎట్లుందో పదో మూర అట్లే ఉండాల. అదే కష్టం. నువ్వు ఒకసారి కూసోని సూడు."

సుధ అమ్మ మగ్గం గుంతలో కూర్చుంది. జానెడు నేసేసరికి సగం చోట్ల దట్టంగా, సగం చోట్ల పల్చగా వచ్చింది. అమ్మ దాన్ని విప్పలేదు. కోడలు నేసిన జానెడును అలాగే ఉంచి మిగతాది నేసింది. సుధ తిరిగి చాప మీదకు వచ్చి, వేగం పెంచే భాగమంతా తీసేసింది. ఇప్పుడు ఆటలో తొందర లేదు. ఎంత నిలకడగా తొక్కితే బట్ట అంత చక్కగా వస్తుంది, తడబడితే తెర మీద గీత పడినట్టు కనబడుతుంది. దారం తెగితే ఆట ఆగదు, అతుక్కుని ముందుకు పోతుంది. అది కూడా అమ్మ మాటే. పోగు తెగినప్పుడల్లా పని మానేస్తే ఈ వీధిలో ఒక్క చీరైనా పూర్తయ్యేది కాదంది.

లింగమ్మత్త ఒకరోజు కొత్తిమీర అడగడానికి వచ్చి, "ఏందో సూద్దాం" అని కూర్చుంది. మర్నాడు కరివేపాకుకు వచ్చింది. మూడోనాడు ఏమీ అడగకుండానే వచ్చి, "అక్కా, నిన్న నాది ఎంతొచ్చింది? నీదెంత?" అంది. సుధ ఆ రోజు నోటుపుస్తకంలో పేజీ నింపింది.

జ్యూరీకి వారం ముందు యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు కృష్ణాబాయి మేడం. బెంగళూరులో పేరున్న మనిషి, ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పారు. ఆమె ఎలాగూ మంత్రాలయం దర్శనానికి వస్తున్నారు, అంత దూరం వచ్చాక ఆ చెక్కలున్న చోటే ఆడి చూస్తానన్నారు. సుజయ్ సార్ వీడియోలో ఉంటారు. నియమం ఒక్కటే. మేడంకు ఎవరూ ఏమీ చెప్పకూడదు. ఐదు నిమిషాల్లో ఆట తానుగా అర్థం కావాలి. సుధ నోరు తెరిచి వివరించాల్సి వస్తే ఆట తప్పినట్టే. సెమిస్టరు మళ్ళీ మొదటికే.

"స్వామి దర్శనం అయినంక నా దర్శనం" అంది సుధ. నవ్వింది గానీ ఆ వారమంతా రాత్రి అన్నం సగమే తినేది.

ఇరవయ్యో తారీఖు పొద్దున అమ్మ అందరికంటే ముందు లేచింది. వసారా కడిగి ముగ్గు పెట్టింది. బల్ల మీద తాను నేసిన కొత్త దుప్పటి నేలకు జానెడెత్తు దాకా వేలాడేలా పరిచింది. చెక్కలకు పసుపు, కుంకుమ పెట్టింది. అవి వదులుగా ఊగుతున్నాయని చూసి, మగ్గానికి కట్టినట్టే కొత్త తాడు వేసి బిగించింది. తొక్కుడు చెక్క వదులుగా ఉండడం నేతపని ఇంటికి నామోషీ. నేను చూసి, "ఇప్పుడు బాగుందమ్మా" అని కూడా అన్నాను. మగ్గానికి లేని తీగలు ఈ చెక్కలకు ఉన్నాయని మా ఇద్దరికీ తట్టలేదు.

కృష్ణాబాయి మేడం పదకొండు గంటలకు వచ్చారు. అరవై దాటిన సన్నటి మనిషి, నూలు చీర, చేతిలో మంత్రాలయం ప్రసాదం పొట్లం. చెప్పులు గడప బయటే విడిచారు. అమ్మ నీళ్ళిస్తే తాగి, "నాకు తెలుగు వస్తుంది, స్వల్ప స్వల్ప" అన్నారు. కుర్చీలో కూర్చున్నారు. లాప్‌టాప్ పక్కన ఫోనులో సుజయ్ సార్ గడియారం చూసుకుని, "మొదలుపెట్టండి మేడం" అన్నారు.

మేడం తెరను చూశారు. చేతులకు పని లేదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. కాళ్ళు ముందుకు చాచి చెక్కలు వెతుక్కున్నారు. ఎడమ చెక్క నొక్కారు. నాడె పోయింది. కుడి చెక్క నొక్కారు. నాడె రాలేదు.

మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. ఏమీ లేదు.

సుధ పెదాలు బిగించుకుంది. ఒక్క మాట అంటే పరీక్ష పోతుంది, అనకపోయినా పోతుంది. నేను అమ్మ కట్టిన కొత్త తాడును చూశాను. చెక్క దిగినప్పుడల్లా ఆ తాడు పక్కకు లాగుతోంది. అర్థమైపోయింది. గోడ వారన నడిచి, బల్ల వెనక దుప్పటి ఎత్తి, లోపలికి దూరాను.

కింద చల్లగా, పసుపు వాసనగా ఉంది. అనుకున్నట్టే కుడి స్విచ్ తీగ తెగి వేలాడుతోంది. అమ్మ పోగులు మెలేసినట్టు మెలేద్దామని చూశాను. తాడు లాగేసిన తీగ పొట్టిదైపోయి కొన చాలలేదు. రెండు కొనలనూ వేళ్ళ మధ్య అదిమి పట్టుకున్నాను. షాకు కొడుతుందేమోనని ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాను. ఏమీ కాలేదు. మేడం కుడి కాలు దిగింది. పైన తెరలోంచి నాడె పరుగెత్తిన చప్పుడు వినబడింది.

అక్కడి నుంచి నేను చూసిందంతా పాదాలే.

మేడం పాదాలు మొదట బస్సు డ్రైవరు బ్రేకు తొక్కినట్టు తొక్కాయి. మొత్తం పాదం ఎత్తి, దబ్బుమని. పైన బట్టలో గీతలు పడుతున్నాయని చప్పుడును బట్టే తెలుస్తోంది. కొంచెం ఆగాయి. నెమ్మదిగా దిగాయి. మళ్ళీ తడబడ్డాయి. బల్ల అవతల దుప్పటి అంచు కింద నుంచి సుధ పాదాలు కనబడుతున్నాయి. పెళ్ళిలో నేను తొడిగిన మెట్టెలు. వేళ్ళు నేలను పట్టుకున్నట్టు ముడుచుకుని ఉన్నాయి. వాటి పక్కన అమ్మ పాదాలు. అమ్మ నోరు తెరవకుండా నిలబడింది గానీ, కుడి బొటనవేలు మాత్రం తనంతట తానే లేస్తోంది, దిగుతోంది.

ఎప్పుడో తెలియదు, మేడం మడమలు చెక్క మీది గుంటల్లోకి జారాయి. ఇక లేవలేదు. ఇప్పుడు ముందు పాదం మాత్రమే దిగుతోంది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. అమ్మ బొటనవేలు, మేడం పాదం ఒకే లెక్కలో పడ్డాయి. బెంగళూరు నుంచి వచ్చిన మనిషికి ఒక్క మాటైనా చెప్పకుండా మా ఆవిడ నేయడం నేర్పేసింది. తీగ వదిలేసి చప్పట్లు కొట్టాలనిపించింది. వదిలితే పోతుంది కాబట్టి ఊరుకున్నాను.

"మూడో నిమిషంలో పట్టుకున్నారు మేడం. ఐదు అయిపోయింది" అన్నది సుజయ్ సార్ గొంతు.

"ఉండండి, ఈ అంచు పూర్తి చేస్తాను" అన్నారు మేడం.

పూర్తి చేశారు. కాళ్ళు ఆగాయి. తర్వాత మేడం గొంతు వినబడింది. "సుధారాణీ, మొదట కుడి వైపు పలకలేదు. ఎడమ ఒక్కటే పలికింది. ఎడమ కాలు అలవాటయ్యాక కుడి వచ్చింది. ముందు ఒక కాలు, తర్వాత రెండోది. ఇది నువ్వు కావాలని పెట్టావా? మంచి ఆలోచన."

బల్ల కింద నేను అవునను, అవునను అనుకున్నాను. ఒక్క మాట. దానంతటది చేతికి వచ్చిన మార్కు.

మెట్టెలున్న వేళ్ళు ఒకసారి ముడుచుకున్నాయి. మెల్లగా విచ్చుకున్నాయి.

"లేదు మేడం. నేను పెట్టలేదు. కుడి వైపు వైరు తెగింది. అది నా ఆటలో తప్పు."

"మరి తర్వాత ఎలా పనిచేసింది?"

"మా ఆయన పట్టుకున్నారు."

దుప్పటి లేచింది. కళ్ళద్దాల వెనక నుంచి మేడం నన్ను చూశారు. నమస్కారం పెట్టడానికి చేతులు ఖాళీ లేవు. తల ఊపాను.

"ఎంతసేపటి నుంచి ఇక్కడున్నావప్పా?"

"రెండో నిమిషం నుంచి మేడం."

"తాడు బిగించింది నేనేనమ్మా" అంది అమ్మ వెనక నుంచి, గొంతు తగ్గించి. "వదులుగా ఉంటే బాగుండదని. పాప తప్పేం లేదు."

ఫోనులో సుజయ్ సార్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నారని సుధ తర్వాత చెప్పింది. "అయితే మంచి ఆలోచన ఈమెది" అన్నారు మేడం, అమ్మను చూపించి. "సుధారాణీ, దాన్ని ఆటలోకి తీసుకో. నిజంగానే మొదట ఒక కాలే పెట్టు. మందం వైరు వెయ్యి. తప్పును తప్పని చెప్పావు, అది కూడా రాస్తాను." కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు. "సెమిస్టరు మళ్ళీ చేసే పని లేదు. ఈ సంవత్సరం మొత్తంలో నేను ఇంకొకసారి ఆడతానని అడిగిన ఆట ఇదొక్కటే. చెన్నాగిదే."

సరిహద్దు దగ్గరి ఊళ్ళవాళ్ళం, బాగుందన్న ఆ చివరి కన్నడ మాట అమ్మకు కూడా అర్థమైంది. మేడం నిజంగానే ఇంకోసారి ఆడారు. నేను కిందే ఉండి పట్టుకున్నాను.

ఆమె కారు వీధి మలుపు తిరిగిందో లేదో, లింగమ్మత్త గొంతు వాకిట్లోంచి వచ్చింది. "ఏమైంది?"

"పాసైంది" అంది అమ్మ. "మా కోడలు పాసైంది." ఆ మాట వీధి ఆ చివరకు వినబడేలా అంది. మా ఆవిడ అనే మాట మీద నాకున్న పిచ్చి ఎవరి నుంచి వచ్చిందో నాకప్పుడు తెలిసింది.

సుధ ఫోను చేయడం వినబడింది. "నాన్నా, అయిపోయింది. పాసైనాను. లేదు, మళ్ళా చేసే పని లేదు. ఈ సంవత్సరమే." కొంచెం ఆగింది. "అవును, ఆయన చెప్పినట్టే, ఒక్కరోజు కూడా ఆగలేదు." మళ్ళీ ఆగింది. "ఆయనా? టేబుల్ కింద ఉండాడు నాన్నా. తర్వాత చేయిస్తాను."

తర్వాత దుప్పటి లేచి ఆమె తల తలకిందులుగా కనబడింది. జడ నేలకు ఆనింది. కళ్ళు తడిగా ఉన్నాయి, నోరంతా నవ్వు.

"ఈరేషూ, అయిపోయింది. ఇంక వదులు."

నేను గడ్డంతో చూపించాను. కుర్చీలో ఎవరో కూర్చున్నారు. వేళ్ళ చివర్లు పసుపు అంటి, మడమలు పగిలి, ముప్పై ఏళ్ళుగా నాకు తెలిసిన పాదాలు రెండు వచ్చి నా చెక్కల మీద కుదురుకున్నాయి.

"పట్టుకోరా అబ్బాయా" అంది అమ్మ పైనుంచి. "లింగమ్మ సూస్తాంది. ఈ పొద్దు నేను ఓడిపోకూడదు."

సుధ వంగి లోపలికి వచ్చి, నా పక్కన ఒదిగి కూర్చుని, తెగిన తీగ రెండో కొనను తన వేళ్ళతో పట్టుకుంది.